పాపాసుకల్లి పచ్చడి, కొత్తల్లుడి అలక

ఆ రోజుల్లో నాకు ధైర్యం ఎక్కువని ఒక గట్టి నమ్మకం ఉండేది. పెళ్ళిచూపుల్లో అమ్మాయి "నీకు దేనికైనా భయమా?" అని అడిగితే "భయమా? అదెట్లుంటాది?" అన్నాను. (ఆ మాట ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతుంది ఆ మహాతల్లి.) పెళ్ళయిన కొత్తలోనే, వజ్రకరూరు దగ్గర అత్తగారి ఊళ్ళో, రాగిసంగటీ దాంట్లోకి నంచుకున్న పచ్చడీ కలిసి అదెట్లుంటుందో నాకు బాగా చూపించాయి.

ఎండాకాలం. కొత్తల్లుణ్ణి కదా, పూటకో కోడి, పూటకో గంపెడు ఓళిగలు, అదే బొబ్బట్లు. నాలుగు రోజులకే నా కడుపు చేతులెత్తేసింది. "అత్తా, మీకు పుణ్యముంటుంది, ఉత్త సంగటి, ఏదో ఒక పచ్చడి పెట్టండి చాలు" అన్నాను. అత్త చిన్నబుచ్చుకుంది గానీ మా ఆవిడ వాళ్ళ అవ్వ మాత్రం సంబరపడిపోయింది. "అట్లడుగు నాయనా! నా చేతి ఊరుబిండి పచ్చడి తింటే ఓళిగలు మర్చేపోతావు" అని వంకగట్టుకు పోయి తట్టనిండా పాపాసుకల్లి పండ్లు తెచ్చింది. నేను కదిరిలో పెరిగినవాణ్ణి. ఆ నాగజెముడు ముళ్ళచెట్టును చేల కంచెల్లో చూడ్డమే గానీ దాని పండు తింటారని తెలీదు. అవ్వ ఆ పండ్లను బూడిదలో దొర్లించి, పొయ్యి మీద నూగుముళ్ళు కాల్చి, కోసి, గుజ్జును గుడ్డలో వేసి పిండింది. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, వేయించిన చెనిగ్గింజలు వేసి రోట్లో నూరింది. పచ్చడి రాణీ రంగులో మెరిసిపోతోంది. తీపీ పులుపూ కారమూ ఒకేసారి నాలుక మీద పడ్డాయి. నేను రెండో సంగటి ముద్ద కూడా పెట్టించుకున్నాను.

అప్పుడన్నాడు మామ, తాపీగా వేళ్ళు నాక్కుంటూ: "నిదానం అల్లుడా. ఆ పండు నడిమధ్యన ఆకాశంలో సుక్క మాదిరి ముల్లుంటాది. అది కడుపులోకి పోయిందంటే మనిషి దక్కడు."

"ఊరికే బెదిరియ్యద్దురా, నేను తీసేసినా" అని అవ్వ కసిరింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాకపోతే ఆ తర్వాత ముద్ద కాస్త నమిలి మింగాను.

తెల్లారి కొత్తగా కట్టించిన బాత్రూములోకి పోయాను. తెల్లటి పింగాణీ మీద ఎర్రగా పడింది. దేవుడా, రక్తం! అవ్వ కంటికి ఒక ముల్లు తప్పించుకుంది, నా లోపల ఏదో చీల్చేసింది, అంతే, నా పని అయిపోయింది అనుకున్నాను. ఆ ఊళ్ళో ఫోనుకు సిగ్నలు మిద్దెమీదే వస్తుంది. మిద్దెక్కి, ఫోన్లో "మూత్రంలో రక్తం" అని కొట్టి వెతికాను. కిడ్నీలన్నది, కణుతులన్నది, వెంటనే డాక్టరును కలవమన్నది. రాత్రి ఏం తిన్నావని అది అడగలేదు, నేనూ చెప్పలేదు.

కింద పెరట్లో మా ఆవిడ బట్టలారేస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. మెళ్ళో పసుపుతాడుకు ఇంకా కొత్త రంగు పోలేదు. ఈ పిల్ల గతేం కాను! నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఈమెకు చెప్పకూడదు, చడీచప్పుడు లేకుండా కదిరికి పోయి ఆసుపత్రిలో పడాలి, బతికితే బతుకుతాను, లేకపోతే లేదు. కిందికి దిగి బ్యాగు సర్దడం మొదలుపెట్టాను.

ఇల్లంతా గుప్పుమంది. కొత్తల్లుడు అలిగినాడు! మా వైపు అల్లుడు అలిగితే ఏదో ఒకటి చేతిలో పెట్టి అలక తీర్చడం ఆనవాయితీ. మామ గడప దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"ఏమప్పా, సంగటి పెట్టినామని కోపమొచ్చెనా?"

"కోపమేం లేదు మామా. అర్జెంటు పని."

"కొత్తల్లుడు కోపం లేదన్నాడంటే ఉండాదనే లెక్క. చేతికి వాచీ కావాల్నా?"

"వద్దు మామా."

"బండంటే ఇప్పుడు కాదు. చెనిక్కాయ చేతికి రానీ, చూస్తాం."

"బండీ వద్దు."

మామ వాకిట్లో మేస్తున్న పొట్టేలు వైపు చూశాడు. "సరే, పొట్టేలును తోలుకపో" అన్నాడు. ఆ పొట్టేలును ఆయన కన్నకొడుకులా పెంచాడు. (కన్నకొడుక్కి అన్ని చెనిగ్గింజలు పెట్టలేదని మా బావమరిది ఇప్పటికీ అంటాడు.)

"నాకేం వద్దు మామా! తీసుకోడానికి నేనుండాల గదా!" అనేశాను. అత్త "ఓయమ్మా, ఎంత మాటనె!" అని కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఆవిడ గోడకానుకుని నిలబడింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

చివరికి అవ్వ వచ్చి నా బ్యాగు మీద కూర్చుంది. "పొట్టేలునే వద్దంటివంటే ఇది అలక కాదు. ఏమొచ్చె నీకు, చెప్పు."

నేను వంగి ఆమె చెవిలో చెప్పాను. "అవ్వా, ముల్లు మింగినా. ఒంటేలుకు రక్తం పోతాండాది."

అవ్వ నా ముఖం వంక చూసింది. చూసి, నోట్లో వక్కాకు బయటికి పడేలా నవ్వింది. "ఓరి నీ పాసుగాల! అది రక్తం కాదురా, పండు రంగు! ఈ పొద్దు ఈ ఇంట్లో అందరికీ ఎర్రగానే పోయింటాది!" వీధి వీధంతా విన్నది. అత్త కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. మామ నవ్వలేదు. ముందు పోయి పొట్టేలును కొట్టంలో కట్టేసి, తలుపు గడియ పెట్టి, అప్పుడొచ్చి నవ్వాడు.

మా ఆవిడ మాత్రం నవ్వలేదు. గదిలో నా బట్టలు బ్యాగులోంచి తీసి మడతపెడుతూ అడిగింది: "సచ్చిపోతాననుకున్నోడివి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు భయపడతావని."

"నువ్వు బ్యాగు సర్దుకుంటాంటే నేను భయపడలేదా? నేను నచ్చలేదేమో, మళ్ళ రావేమో అనుకున్నా." మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. నా భయం ఆ పొద్దే పోయింది. ఆమె మాత్రం చాలాకాలం, నేను బ్యాగు ముట్టుకుంటే చాలు, "యాడికి?" అనేది.

ఇప్పుడు జుట్టు నెరుస్తోంది. ఆమెకు తెలియకుండా ఒక్కడే చావబోయిన ఆ మొనగాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఈమధ్య నాకు తుమ్మొచ్చినా, కాలు తిమ్మిరెక్కినా, గుండెలో కలుక్కుమన్నా వెంటనే పరుగెత్తి ఆమెకే చెబుతున్నాను.

"నిన్న కూడా ఇదే చెప్పినావు" అంటుంది. "సంగటి సల్లగయితాండాది, తిను."