రొట్టెల యాప్‌కు నేను వేసిన మార్కులు

ఒక యాప్ భవిష్యత్తును అంచనా వేయబోయి మా దుకాణం స్లాబును దాదాపు కూల్చేశాను. ఇంకా వేయలేదు కాబట్టి అది బతికిపోయింది. వేయని స్లాబును కూల్చబోయిన మొనగాడు సిద్దిపేటలో నేనొక్కడినే అయ్యుంటాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఫోనులో పెట్టుబడుల మీద పది వీడియోలు చూసి, ఏ కంపెనీ లేస్తుందో ఏది పడుతుందో వాసన చూసి చెప్పగలనని నమ్మేవాణ్ని. మా గల్లీలో ఎవరో ఇస్త్రీ బండి పెడితే "ఇది పెరిగే వ్యాపారం కాదు" అని పెదవి విరిచాను. ఆ బండి ఇప్పుడు మూడు బండ్లయింది, అది వేరే విషయం.

అలాంటి మేధావి దగ్గరికి బెజ్జంకి నుంచి నా ఇంటర్ దోస్తు నవీన్ వచ్చాడు. ఫోను నొక్కితే వేడి జొన్నరొట్టెలు ఇంటికి తెచ్చిచ్చే యాప్ పెట్టాడట.

"నెల రోజులు గీడ నడిపి చూపిస్తర. ఆర్డర్లు పెరిగితెనే పైసలు పెట్టు," అన్నాడు.

నా దగ్గర పైసలెక్కడివి? బాపు దగ్గర ఉన్నాయి. ఆయన కిరాణా దుకాణం మీది రేకులు తీసి స్లాబు వేయడానికి ఏళ్లుగా కూడబెట్టినవి. వాన పడితే ఆయన ముందు బియ్యం బస్తాల మీద కవరు కప్పి, తర్వాత తన తల సంగతి చూసుకునేవారు.

"నెల ఆగు బాపు. ఆర్డర్లు పెరిగితె గా పైసలు యాప్‌ల పెడదాం. ఒక్క స్లాబేంది, రెండంతస్తులు లేపుదాం!"

"నాకు గవన్ని తెల్వయి బిడ్డా. సదువుకున్నోనివి, నువ్వే మంచిగ చూసి చెప్పు," అన్నారు. ఆ నమ్మకం తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొదటి రోజు నాలుగు ఆర్డర్లు. రెండో రోజు మూడు. నాకు అన్నం సహించలేదు.

"ఏమైంది బిడ్డా?" అంది అమ్మ. స్లాబు డబ్బు సంగతి ఆమెకు తెలియదు.

"యాప్‌కు ఆర్డర్లొస్తలెవ్వమ్మా. గిట్లయితె నా పని అయిపోయినట్టే."

ఆ మర్నాటి నుంచి చూడండి! ఐదు, ఎనిమిది, పన్నెండు. నెలాఖరుకు రోజుకు ఇరవై. క్యాలెండరు వెనక గీత గీసి, అది పైకి లేవడం చూసి మురిసిపోయాను. ఇంట్లోనూ ఆ నెలంతా జొన్నరొట్టెలే. మిగిలినవి తిని ఎదురింటి బర్రె నిగనిగలాడింది.

"అమ్మా, నీ చేతి రొట్టె ముందు మా యాప్ రొట్టె దేనికి పనికొస్తది!" అనేవాణ్ని.

కుట్టుమిషన్ మీద నుంచి తల ఎత్తకుండానే "తినుర," అనేది.

నెల నిండింది. మర్నాడు నవీన్‌కు డబ్బు ఇవ్వాలి. పెట్టుబడిదారుడు కస్టమర్లతో మాట్లాడాలని వీడియోలో చెప్పారు కదా, నవీన్ బండి వెనక ఎక్కాను. మొదటి ఇల్లు మా చిన్నమ్మది. ఆమె రొట్టెల పొట్లం తీసుకుని విప్పకుండానే పక్కన పెట్టింది.

"తినవా చిన్నమ్మా?"

"నాకెందుకురా? సాయంత్రం మీ ఇంటికే పంపాలె. అక్క పైసలిచ్చింది, నేను ఫోను నొక్కిన."

రెండో ఇల్లు మేనత్తది. అక్కడా అదే కథ. ఇరవై ఇళ్లలో పద్దెనిమిది మా చుట్టాలవి. మిగిలిన రెండూ అమ్మ దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లవి!

ఇంటికి పరుగెత్తాను. "గిదేం పని అమ్మా?"

"నువ్వు తినకుంట కూసుంటె నాకెట్లుంటదిరా? ఆర్డర్లొస్తె నవ్వుతవని పెట్టిచ్చిన."

"మరి పైసలు?"

"జాకెట్లు కుట్టినయి ఉండె గద."

"గవి చూసే స్లాబు పైసలు పెడుతుంటిమి అమ్మా!"

"అయ్యో! గా ముచ్చట నాకు చెప్పలేదు గదరా!"

నెలంతా ఆమె వంగి కుట్టిన జాకెట్లే నా గీతను పైకి లేపాయి. నవ్వాలో ఏడవాలో తెలియక, ఆమె ఒళ్లో తల పెట్టి రెండూ చేశాను. నవీన్ మాత్రం "గిసోంటి అమ్మ ఊరికొక్కలుంటె చాలుర, కంపెనీ నడుస్తది," అని నిట్టూర్చాడు.

అంతా విన్న బాపు, "అయితె రేపటి సంది రొట్టెలుండయి గద?" అని ఆశగా అడిగారు. ఆ ఎండాకాలమే దుకాణం మీద స్లాబు వేయించారు.

ఎదురింటి బర్రె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంత గొప్ప కంపెనీ వచ్చినా, గీత ఎంత నిటారుగా లేచినా, రూపాయి తీసే ముందు ఒక్క ప్రశ్న అడుగుతాను: "మీ అమ్మగారు పెట్టినవి పోగా, ఆర్డర్లు ఎన్ని?"