బదులుకు రాసుకున్న దరఖాస్తులు

నా గురించి నన్నే రాయమంటే నాకు ఇప్పటికీ చిరాకే. ఆ చిరాకు డిగ్రీ చివరి సంవత్సరంలో, జనగామ హాస్టల్లో మొదలైంది. ఒక రోజు మా బాటనీ మేడం ప్రాక్టికల్స్ అయ్యాక నన్నూ, నా స్నేహితురాలినీ ఆపింది. దేశం మొత్తం మీద కొద్దిమందికే ఇచ్చే ఫెలోషిప్ ఒకటి ఉందని చెప్పింది. అది వస్తే పెద్ద యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదవొచ్చు. ఫీజు, హాస్టలు వాళ్లే చూసుకుంటారు, పైఖర్చులకు నెలనెలా ఇస్తారు. "ఇద్దరూ అప్లై చేయండి, సిఫారసు ఉత్తరాలు నేను రాస్తాను" అంది. ఆవిడ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. రికార్డులో బొమ్మ వంకరగా ఉంటే పేజీ చింపి చేతిలో పెట్టే రకం. అందుకే ఆ మాటకు మా ఇద్దరికీ కాళ్లు నేల మీద నిలవలేదు.

మాది భూపాలపల్లి జిల్లా, మొగుళ్లపల్లి పక్కన చిన్న ఊరు. పత్తి, మిర్చి తప్ప మాకు వేరే లోకం తెలియదు. నా స్నేహితురాలిది మహబూబాబాద్ జిల్లాలో మరిపెడ అవతల ఒక తండా. వాళ్లింట్లో మాట్లాడేది లంబాడీ. తెలుగు బడికి వచ్చాకే నేర్చుకుంది కానీ, నాకంటే చక్కగా మాట్లాడుతుంది. మూడేళ్లు ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద పడుకున్నాం. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఆమెకు అసలు కోపమే రాదు. ఆ రాకపోవడం చూసి కూడా నాకు కోపం వచ్చేది.

మా బాపు అప్పటికే తన లెక్క చెప్పేశాడు. "డిగ్రీ అయినంక హన్మకొండల బీఈడీ చెయ్యి బిడ్డా. టీచర్ కొలువంటే తక్వేం గాదు." తక్కువని నేనూ అనను. కానీ ఒక ఏడాది మా మిరప చేలో పువ్వు విప్పితే నల్లటి పురుగులు కుప్పలుగా కనిపించాయి. పూత పూతంతా రాలిపోయింది. మా ఊళ్లో అందరూ చేలు పీకి గట్టున వేశారు. నల్లతామర అన్నారు, అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. ఆ పురుగు సంగతి తెలుసుకునే చదువు చదవాలని అప్పుడే అనుకున్నాను. ఆ చదువు బయట రాష్ట్రంలో ఉంది. ఈ ఫెలోషిప్ వస్తే పోతాను, లేకపోతే బీఈడీ. నా స్నేహితురాలికి బీఈడీ కూడా లేదు. వాళ్లన్న ఆటో నడుపుతూ డిగ్రీ దాకా చదివించాడు, ఇక చాలన్నాడు. ఆమెకైతే ఇదొక్కటే దారి.

సర్టిఫికెట్లన్నీ మీసేవలో వారంలోపే వచ్చాయి. చిక్కంతా వ్యాసం దగ్గర వచ్చింది. మీరు ఎదుర్కొన్న ఒక ఇబ్బంది, అందులో మీరు చేసిన పని, మీ సొంత మాటల్లో రాయండి అన్నారు, అదీ ఇంగ్లీషులో. నేను రెండు పేజీలు రాసి ఆమెకిచ్చాను. ఆమె చదివి, పేజీ తిప్పి, మళ్లీ మొదటికి వచ్చింది.

"ఇంతకు గీ ఫెలోషిప్పు మీ బాపుకా, నీకా?" అంది.

నిజమే. బాపు అప్పు తెచ్చాడు, బాపు దున్నాడు, అవ్వ కలుపు తీసింది, బాపు బాధపడ్డాడు. నేనెక్కడా లేను. నీ సంగతేమిటని ఆమెది లాక్కుని చూశాను. పేరు, ఊరు, ఇంట్లో ఎంతమంది, ఏం పండిస్తారు. అచ్చం రేషన్ కార్డులా ఉంది. పగలబడి నవ్వాను.

మా ఇళ్లలో ఎవరూ "నేను చేశాను" అనరు. అంటే సొంత డబ్బా కొట్టుకుంటున్నారని నవ్వుతారు. చేసింది పక్కవాళ్లు చెప్పాలి. పుట్టిన దగ్గర్నుంచి అలా పెరిగి, ఇప్పుడు ఎవరో అడిగారని మన గొప్పలు మనమే చెప్పుకోవాలంటే చెయ్యి ఎలా ఆడుతుంది? నాలుగు రోజులు కాగితాలు నలిపి పారేశాం.

అయిదో రోజు ఆమే అంది. "బదులు చేద్దామా?"

బదులంటే మా రెండు జిల్లాల ఆడవాళ్లకూ చెప్పనక్కర్లేదు. పత్తి ఏరే రోజుల్లో కూలీలు దొరకరు. అందుకని ఇవాళ మీ చేనుకు నేను వస్తాను, రేపు మా చేనుకు నువ్వు వస్తావు. డబ్బుల మాట ఉండదు, పనికి పని. మా అవ్వ, వాళ్లమ్మ జీవితమంతా అలాగే ఏరారు. నాకు చప్పున అర్థమైంది. ఆమె వ్యాసం నేను రాస్తాను, నా వ్యాసం ఆమె రాస్తుంది. అందులో తప్పుందని ఇద్దరికీ తోచలేదు. ఇంకా చెప్పాలంటే, ఇన్ని రోజులు ఇది ఎందుకు తట్టలేదా అనుకున్నాం.

ఆమె గురించి రాయడానికి నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా కళ్లతో చూసిందే రాశాను. సెలవుల్లో వాళ్ల తండాకు వెళ్లినప్పుడు ఒక పొద్దున ఆమె ముసలమ్మలను వెంటబెట్టుకుని మానుకోట దవాఖానకు బయల్దేరింది. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. ఆ ముసలమ్మలకు తెలుగు సరిగా రాదు, డాక్టరుకు లంబాడీ రాదు. ఈమె మధ్యలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెబుతుంది. ఎప్పట్నుంచి చేస్తున్నావని ఆ రోజే అడిగితే, ఎనిమిదో తరగతి నుంచట. ఏదో కిరాణా కొట్టుకు పోయొచ్చినంత తేలిగ్గా చెప్పింది. అక్కడ నేను ఒకటి గమనించాను. ముసలమ్మ నడుము నొప్పి చెబుతుంటే ఈమె చెయ్యి తన నడుము మీదకు పోతుంది. మోకాలంటే మోకాలి మీదకు. అది కూడా రాశాను.

రాసింది చదివి ఆమె తన నడుము మీద చెయ్యి పెట్టి చూసుకుంది. "నేను గట్ల చేస్తనా?" అంది.

నా గురించి ఆమె రాసింది పురుగు మందుల దుకాణం గొడవ. నల్లతామర వచ్చిన ఏడాది సెలవులకు ఆమె మా ఊరొచ్చింది. బాపు పురుగు మందు మూడు రకాల డబ్బాలు తెచ్చి ఒకదాని తర్వాత ఒకటి కొట్టాడు. ఒక్క పురుగు చావలేదు. ఖాళీ డబ్బాల మీద సన్నటి అక్షరాలు చదివితే మూడింటిలోనూ ఉన్న మందు ఒకటే, పైన పేర్లు మాత్రమే వేరు. నాకు ఒళ్లు మండిపోయింది. మూడు డబ్బాలూ సంచిలో వేసుకుని, ఆమెను వెంటబెట్టుకుని, దుకాణానికి పోయి బజారంతా వినేలా అడిగాను. అది నాకు చెప్పుకోదగ్గ సంగతిగా ఎప్పుడూ అనిపించలేదు. అవ్వ ఆ రోజు నన్ను తిట్టింది కూడా. కానీ ఆమె రాతలో చదువుతుంటే, ఎవరీ పిల్ల, భలే ఉందే అనుకున్నాను. నాకు సిగ్గేసింది, ఆనందం కూడా కలిగింది.

రెండూ మేడంకు చూపించాం. ఎవరిది ఎవరు రాశారో చెప్పలేదు, ఆవిడా అడగలేదు. పంపేశాం. పరీక్షలు రాశాం. ఫలితాల కోసం ఎదురుచూస్తుండగా ఇద్దరికీ ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ, ముందు రోజు నాది, మర్నాడు ఆమెది.

మా ఊళ్లో సిగ్నల్ గోడెక్కితే గానీ రాదు. అందుకని భూపాలపల్లిలో మా మేనత్త వాళ్లింటికి వెళ్లాను. మామ బొగ్గుబావిలో చేస్తాడు, వాళ్లది క్వార్టరు. అత్త ఆ పూట కుక్కరు కూడా పెట్టలేదు, విజిల్ వస్తే వాళ్లకు వినిపిస్తుందని. "జర నిమ్మళంగ మాట్లాడు బిడ్డా, నీ నోరు అసలే పెద్దది" అని తలుపు దగ్గరకు వేసి వెళ్లింది.

తెర మీద ముగ్గురున్నారు. చదువు గురించి అడిగారు, నల్లతామర గురించి అడిగారు. ఇంగ్లీషు తడబడినా చెప్పగలిగాను. తర్వాత మధ్యలో కూర్చున్న పెద్దావిడ నా వ్యాసం చేతిలోకి తీసుకుంది.

"ఇక్కడ ఒక వాక్యం ఉంది" అని చదివింది. నేను గట్టిగా అరుస్తున్నాను గానీ చున్నీ కొస వేలికి చుట్టుకుంటూనే ఉన్నాను, నా కింది పెదవి వణుకుతోంది అని ఉంది అందులో. "అంత కోపంలో ఉన్న మనిషికి తన పెదవి ఎలా కనిపించింది? ఇది పక్కన నిలబడి చూసినవాళ్లు రాసినట్టుంది. ఎవరు రాశారు?"

సొంత మాటల్లో అని ముందే రాశారు, కింద సంతకం కూడా పెట్టాను. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. కానీ మూడు డబ్బాలు పట్టుకుపోయి దుకాణదారుణ్ణి నిలదీసిన గొడవ గురించి మాట్లాడుతూ అబద్ధమాడడం నావల్ల కాలేదు. "నా స్నేహితురాలు రాసింది. జరిగిందంతా నిజం. రాత ఆమెది" అన్నాను. ఎందుకలా అని అడిగారు. బదులు గురించి చెప్పాను. పత్తి చేలు, కూలీలు దొరకని రోజులు, పనికి పని, అన్నీ చెప్పాను. చెబుతూ చెబుతూ ఉండగానే నేనేం బయటపెట్టానో నాకు తట్టింది. బదులంటే ఇద్దరూ చేసుకునేది కదా.

ఆవిడ వెంటనే అడిగింది. "అంటే ఆమె వ్యాసం మీరు రాశారా?"

"నాది నేను చెప్పాను. ఆమెది ఆమెనే అడగండి" అన్నాను. పొగరుగా వినిపించిందేమో తెలియదు. ఆవిడ ఏదో రాసుకుంది. థాంక్యూ అన్నారు, తెర నల్లబడింది.

అత్త అన్నం పెడతానన్నా ఆగకుండా బయటికొచ్చి నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పి, నా నోటిదూల వల్ల నీది కూడా పోయిందని ఏడ్చాను. రేపు తప్పకుండా అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యి, దాచినా వాళ్లకు తెలిసిపోతుంది అన్నాను.

"సరే తియ్. నువ్వు పరేషాన్ గాకు" అంది. ఆమె మాట ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. అది విని నాకు కాస్త ఊపిరాడింది.

మర్నాడు ఆమె మానుకోటలో, వాళ్ల చిన్నమ్మ ఇంట్లో కూర్చుని మాట్లాడింది. ఎలా అయిందంటే మంచిగనే అయిందని చెప్పింది. అంతకుమించి ఒక్క మాట రాలలేదు.

మెయిల్ ఇద్దరికీ ఒకే మధ్యాహ్నం వచ్చింది. నేను ఎంపికయ్యాను. ఆమె కాలేదు.

బాపు ఊరంతా చెప్పుకొచ్చాడు. అవ్వ అందరికీ చాయ్ పోసింది. నేను మాత్రం మెయిల్ మళ్లీ మళ్లీ చదివి, ఇందులో ఏదో తప్పు జరిగిందనుకున్నాను. ఆమె మార్కులు నాకంటే ఎక్కువ. ఆమె చేసిన పని నా గొడవ కంటే ఎన్నో రెట్లు పెద్దది. వ్యాసం కూడా, నా అంత నేను చెప్పుకోకూడదు గానీ, బాగా కుదిరింది. మరి ఎక్కడ పోయింది?

టీసీలు తీసుకోవడానికి ఇద్దరం జనగామ వచ్చినప్పుడు గానీ తెలియలేదు. కాలేజీలో పని అయ్యాక ఆమెను స్టేషన్‌లో దింపడానికి వెళ్లాను. ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని పల్లీలు తింటున్నాం. నేను మళ్లీ అదే ప్రశ్న వేశాను. వాళ్లు వ్యాసం సంగతి అడగలేదా?

"అడిగిన్రు. నడుం మీద చెయ్యి పెట్టిన ముచ్చట చదివి, గిది ఎవ్వరు రాసిన్రు అన్నరు."

"నువ్వేం చెప్పినవ్?"

"నేనే రాసుకున్న అన్న."

నా చేతిలోంచి పల్లీలు జారిపోయాయి. "నేను చెప్పమన్న గదనే! వాళ్లకు తెల్సని గూడ చెప్తి గద! నీకేమన్న పిచ్చి పట్టిందా?"

ఆమె కింద పడిన పల్లీలు ఏరుతూ నెమ్మదిగా చెప్పింది. "నీది నేను రాసిననని నువ్వు ఒప్పుకున్నవ్. అది ఒక తప్పు. నాది నువ్వు రాసినవని నేను గూడ చెప్పిననుకో, నీ మీద రెండో తప్పు పడ్తది. మొత్తానికే తీసేస్తరని భయమైంది."

"నిజం చెప్తే ఇద్దరికి ఇచ్చెటోళ్లేమో!"

"ఇచ్చెటోళ్లేమో. ఇయ్యకపోయెటోళ్లేమో. నాకేం తెల్సు?" అని పల్లీలు నా దోసిట్లో పోసింది. "బదులు పోయిన దినం మొగులు పట్టి వానొచ్చెటట్టున్నదనుకో, మేం ఏం జేస్తం? అందరం కలిసి మొదలువెట్టిన చేనే ముంగట ఏరుతం. సగం ఇది, సగం అది ఏరి రెండు తడవనియ్యం."

ఆ మాటకు నాకు ఏడుపు రావాలి. కోపమే వచ్చింది. ఆమె మీద వచ్చింది, తెర మీద కూర్చున్న ముగ్గురి మీద వచ్చింది, ఫోన్‌లో ఆమె "సరే తియ్" అనగానే నమ్మేసిన నా మీద వచ్చింది. నా సీటు అనుకున్నది ఆమె తడవకుండా కాపాడి ఇచ్చిందని తెలిశాక, దాన్ని తీసుకోవడానికీ చెయ్యి రాలేదు, వదిలేయడానికీ రాలేదు. వదిలేస్తే ఆమె చేసినదంతా వానలో పోసినట్టే.

"మరి నీ చేనో?" అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసింది, తెలిసిన సంగతే మళ్లీ అడిగినట్టు.

"నువ్వు రావా ఏంది?" అంది.