పాలు పొంగుతున్నాయి

మా పిన్ని టైలరు. పగలంతా స్కూలు యూనిఫాంలు కుట్టి, మిగిలిన గుడ్డపీలికలతో ఇంట్లో గోడకు తగిలించే బొమ్మలు కుడుతుంది. రంగులూ కుంచె ఆమెకు పడవు. "గుడ్డయితే నా మాట వింటుంది" అంటుంది.

ఆమె కుట్టినవాటిల్లో నాకు ప్రాణం మా అమ్మమ్మ బొమ్మ. నమాజు అయ్యాక, తలమీద తెల్లటి దుపట్టాతో కూర్చుని తస్బీ పూసలు తిప్పుతుంటుంది అమ్మమ్మ. పూసలు పూర్తయ్యేదాకా వేరే మాటకు నోరు విప్పదు. చెయ్యి ఊరుకుంటుందా? స్టవ్ మీద పాలు పొంగుతుంటే, కట్టెయ్యమని కళ్ళతోనే కసురుతూ చెయ్యి చాపుతుంది. తస్బీనీ వదలదు, వంటింటినీ వదలదు. పిన్ని ఆ చేతినీ, ఆ కళ్ళనీ, కింద మూలన పాలగిన్నెనూ అచ్చు గుద్దినట్టు కుట్టి "పాలు పొంగుతున్నాయి" అని పేరు పెట్టింది.

ముస్లిం స్త్రీల కళ అంటూ పెట్టిన ఒక ప్రదర్శనకు ఆ బొమ్మను తీసుకున్నారు. పిన్ని బొమ్మ గోడకెక్కడం అదే మొదటిసారి. అమ్మమ్మనూ వెంటబెట్టుకుని వెళ్ళాం.

బొమ్మ కింద "మౌన వేదన" అని రాసి ఉంది. పాలగిన్నె లేదు. ఆ మూలను వెనక్కి మడిచి ఫ్రేము బిగించేశారు. మిగిలిన చెయ్యి ఎవరినో దేబిరిస్తున్నట్టుంది. ఏడవడం తప్ప మా ఆడవాళ్ళకు ఇంట్లో వేరే పనే ఉండదనుకున్నారు కాబోలు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా పాలగిన్నె ఏదే?" అంది అమ్మమ్మ.

నిర్వాహకురాలు నవ్వుతూ వచ్చింది. "గిన్నె ఉంటే కామెడీ అయిపోతుందమ్మా. మీవాళ్ళ బాధ జనానికి తెలియాలి కదా."

"మా అమ్మకి బాధేం లేదండీ, కోపం. ఆ మడత విప్పించండి" అంది పిన్ని.

"అలాగైతే ఇక్కడ పెట్టలేం."

మా బాధేమిటో మాకే నేర్పుతారా అని దులిపేయబోయాను. పిన్ని నా చెయ్యి నొక్కి, తానే ఫ్రేము దించి, వెనక మేకులు ఊడదీయడం మొదలుపెట్టింది. ఇంకో గోడ దొరుకుతుందన్న నమ్మకం ఆమెకు లేదు.

ఈలోగా చూడ్డానికి వచ్చినావిడ ఒకరు, బొమ్మలో ఉన్నది అమ్మమ్మే అని పోల్చుకుని, ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ధైర్యంగా ఉండండమ్మా" అంది.

అమ్మమ్మ కంగారుగా పిన్ని వైపు తిరిగింది.

"ఏమైందే? ఎవరు పోయారు?"