ఐదు గీతల మీద షకుహాచి

నేను జమ్మలమడుగులో ఓ చిన్న ఆస్పత్రిలో నర్సుగా చేరిన ఏడాదే అక్కడికి ఒక జపాన్ డాక్టరు వచ్చాడు. సాయంత్రం రోగులు వెళ్లిపోయాక వరండాలో కూర్చుని షకుహాచి వాయించేవాడు. అది వాళ్ల దేశపు వెదురు వేణువు. మన పిల్లనగ్రోవిలా అడ్డంగా కాదు, నిలువుగా పట్టుకుని కొస అంచు మీద ఊదాలి. నాకూ నేర్పమని అడిగాను.

ఆయన పుస్తకంలో అన్నీ జపాన్ అక్షరాలే. నాకు వచ్చిందల్లా ఐదు గీతల మీద స్వరాలు రాసే ఇంగ్లీషు నొటేషన్. మా నాన్న ప్రొద్దుటూరు చర్చిలో ఆర్గన్ వాయించేవాడు, చిన్నప్పుడే నేర్పించాడు. డాక్టరు ఒక్కో పాటనూ ఓపిగ్గా ఆ గీతల మీదికి మార్చి రాసిచ్చాడు. రెండు స్వరాల మధ్య జారే నాదం ఏ గీత మీదా ఇమడకపోతే, గడ్డం దించమని పక్కన చిన్న బాణం గుర్తు వేసేవాడు. వారాల తరబడి ఉత్త గాలే వచ్చింది. మొదటిసారి నాదం పలికిన రోజు ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

అవి ఫ్యాక్షన్ రోజులు. ఎన్నికలప్పుడు ఓ ఊళ్లో బాంబులు వేసుకుని రెండు పార్టీలవాళ్లూ మా దగ్గరికే వచ్చారు. ఒక నాయకుడి తమ్ముడికి చెయ్యి చీరుకుపోయింది. అవతలి పార్టీ కూలీకి పొట్టలో గాయం. డాక్టరు కూలీని ముందు చూశాడు.

"మావోణ్ణి ఆడ పండబెట్టి, వాళ్లోనికి కుట్లేస్తాండావా?" అంటూ నాయకుడు ఆయన చెంప మీద కొట్టాడు. అడ్డం పోయిన నన్ను పక్కకు నెట్టేశారు.

కూలీ బతికాడు. డాక్టర్ని మాత్రం యాజమాన్యం పంపించేసింది. "మనం ఈడ బతకాల గదమ్మా" అన్నాడు మేనేజరు. డాక్టరు షకుహాచి నా చేతిలో పెట్టి బస్సెక్కాడు.

నేను పులివెందులకు మారి, ఆ కాగితాలు చూసి ఒంటరిగా నేర్చుకున్నాను. కొన్నేళ్లకు అదే నాయకుడు ప్రొద్దుటూరులో మా చర్చికి ప్రహరీ కట్టించి, క్రిస్మస్‌కు ముఖ్య అతిథిగా వచ్చాడు. పండక్కి నేనూ నాన్న దగ్గరికి వెళ్లాను.

"జపాను పిల్లనగ్రోవి వాయించమ్మా, సారు అడుగుతాండాడు" అన్నాడు పాస్టరు.

"దీన్ని నాకిచ్చిన డాక్టర్ను కొట్టింది ఆయప్పే. వాయించను."

"శానా ఏండ్లాయ గదమ్మా. క్షమించాల."

"క్షమించమని ఆయప్ప అడిగినాడా?"

పాస్టరు తిరిగి నాయకుడి దగ్గరికి వెళ్లిపోయాడు. పండగ దాటాక, వయసైందని చెప్పి నాన్నను ఆర్గన్ దగ్గరి నుంచి లేపేశారు. నాయకుడు కానుకిచ్చిన కీబోర్డు ఆ చోట పెట్టారు. నాన్న వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

"ఒక్క పాట వాయించింటే ఏం పోతాండె?" అన్నాడు నాతో.

అంతటితో నేను ఆ చర్చికి పోవడం మానేశాను.