కాన్పుల సిస్టరు, డయాలసిస్ వార్డు

రెజీనా సిస్టరు చేతుల మీద పుట్టిన పిల్లలందరినీ ఒకచోట నిలబెడితే కల్లూరులో ఒక వీధి నిండుతుంది. పదహారేళ్లు ఒకే కాన్పుల ఆసుపత్రిలో పనిచేసింది. పెద్ద డాక్టరమ్మకు వయసు మీదపడి ఆ ఆసుపత్రికి తాళం వేసేసరికి, నలభై మూడేళ్ల వయసులో కడపకు వచ్చి డయాలసిస్ సెంటరులో ఉద్యోగం అడిగింది.

"ఈ పనిలో అనుభవముందా?" అని అడిగింది అక్కడి డాక్టరు ప్రసన్నకుమారి.

"లేదు మేడమ్. మొదటి కాన్పు చేసిన్నాడు అది గూడా లేదు," అంది రెజీనా. మొహంలో బెరుకన్నది లేదు. ఆ ధైర్యం చూసి ఇచ్చారో, మనిషి దొరక్క ఇచ్చారో గానీ, ఉద్యోగం ఇచ్చారు.

కిడ్నీలు చెడిన మనిషి రక్తాన్ని మిషను కడిగి మళ్లీ ఒంట్లోకి పంపుతుంది. దానికి చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చాలి. మామూలు నరం అంత సూదికి ఓర్చుకోదు కాబట్టి మణికట్టు దగ్గర ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలను కలుపుతారు. దాన్నే ఫిస్టులా అంటారు. దాని మీద వేళ్లు పెడితే, కుట్టుమిషను తిరుగుతున్నప్పుడు బల్ల మీద చెయ్యి పెట్టినట్టు సన్నగా గరగరమంటుంది. ఆ గరగర ఆగిందంటే మళ్లీ ఆపరేషను, మళ్లీ నెలల తరబడి పాట్లు. టెక్నీషియన్ మన్సూర్ ఇదంతా ఓపిగ్గా నేర్పాడు. రెజీనా నెల తిరక్కుండా పట్టేసింది. కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో చెప్పిన వేళ్లకు ఇదొక లెక్కా!

అంతా సవ్యంగా సాగుతోందనుకుంటే ఓబుళేశు తగిలాడు. ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలిన మనిషి. వారానికి మూడుసార్లు వస్తాడు. ఆ మంగళవారం రెజీనా సూదులు వేసిందో లేదో మిషను కుయ్యోమొర్రోమంది. కడిగిన రక్తం సరిగ్గా తిరిగి లోపలికి పోవడం లేదట. గురువారమూ అదే వరస. నాలుగు గంటలు సాగాల్సింది రెండు గంటలకే ఆపేశారు. పాపం, ఆయన కాళ్లు పొంగిపోయాయి.

"మిగిలినోళ్లందరికీ బాగనే పోతాంది గదా మన్సూర్. నా సూదిలో తప్పు ల్యాదు," అంది రెజీనా.

"ఆడలేక మద్దెల ఓడన్నట్లుండాది అక్కా," అని నవ్వాడు మన్సూర్. ఆ నవ్వుకు ఆమె ఒళ్లు మండింది.

ఓబుళేశు డాక్టరుతోనే చెప్పేశాడు. "ఆ కాన్పులమ్మ నాకొద్దు మేడమ్. నేనేమన్నా కానుపుకొచ్చినానా ఈడికి?"

"శనివారం నా ముందు వెయ్యి రెజీనా. అప్పుడూ ఇట్లాగే అయితే వేరేచోట చూసుకోవాల్సి ఉంటుంది," అంది ప్రసన్నకుమారి.

శనివారం డాక్టరు పక్కనే నిలబడింది. సూది చేతిలోకి తీసుకునే ముందు రెజీనా కళ్లు మూసుకుని ఓబుళేశు ఎడమ మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించింది. దబ్ దబ్‌మని గట్టిగా కొట్టుకుంటోంది. మొన్న రెండుసార్లూ ఇట్లాగే కొట్టుకుంటే ఎంత బలంగా ఉందోనని సంబరపడింది. కాన్పుల గదిలో బిడ్డ గుండె గట్టిగా వినబడితే సంబరమే కదా! ఆ అలవాటే కొంప ముంచింది. ఇక్కడ కావాల్సింది దబ్ దబ్ కాదు, గరగర. అది లేదంటే రక్తానికి పైన ఎక్కడో అడ్డం పడిందన్నమాట.

ఆమె సూదిని ట్రేలో పెట్టేసింది.

"ఏం అక్కా, భయమా?" అన్నాడు మన్సూర్.

"నువ్వు ఉండప్పా! ఓబుళేశన్నా, చొక్కా తీయి."

ఆయన గునిశాడు, సిగ్గుపడ్డాడు, చివరికి తీశాడు. ఎప్పుడూ మోచేతి దాకా మడిచే చొక్కా చెయ్యి కింద, దండచేతికి నల్లతాడుతో రాగి తాయెత్తు! మూడు చుట్లు చుట్టి, కండ నొక్కుకుపోయేంత బిగువుగా కట్టారు. మన్సూర్ గబుక్కున కత్తెర అందుకున్నాడు.

తలుపు దగ్గర కూర్చున్న ఓబుళేశు భార్య సుంకమ్మ కేకవేసి పరుగెత్తుకొచ్చింది. "తెంచొద్దప్పా! సోమారం నాడు దర్గాలో మంత్రించి తెచ్చినా. ఆ చెయ్యే గదా ఈయన్ని బతికిస్తాండేది! దానికి దిష్టి తగిలితే మాకెవరు దిక్కు?"

డాక్టరు ఏదో గట్టిగా అనబోయింది. రెజీనా ఆపింది. కాన్పుకొచ్చే ఆడవాళ్ల నడుముకు ఎన్ని తాయెత్తులు చూసిందో ఆమె! ఒక్కటీ తెంచలేదు. తెంచితే ఇంటికి పోయి ఇంకా బిగించి కడతారని ఆమెకు బాగా తెలుసు.

"సుంకమ్మక్కా, ఇట్ల రా. నీ వేలు ఈడ పెట్టు. కొట్టుకుంటాందా? ఇప్పుడు నీ చేత్తోనే ముడి విప్పు."

సుంకమ్మ ముడి విప్పింది. రెజీనా ఆమె వేళ్లను మళ్లీ మణికట్టు మీదికి తెచ్చి పట్టుకుంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత సుంకమ్మ నోరు తెరుచుకుంది.

"అమ్మా! లోపల జుమ్మంటాంది!"

"అదేక్కా నీ మొగుని ప్రాణం. ఆ తాడు ఇంకో నాలుగు దినాలుండుంటే ఆగిపోయుండేది. తాయెత్తు కుడిచేతికి కడదాం, వదులుగా. దేవుడు ఆ చేతిలో గూడా ఉంటాడు."

సుంకమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. తానే కట్టింది కదా, తన చేతులతో. రెజీనా ఆమె వీపు మీద చెయ్యి వేసి, కుడిచేతికి తాయెత్తు కట్టించింది.

"నేను వేస్తా అక్కా," అంటూ మన్సూర్ మెత్తగా ట్రే అందుకోబోయాడు.

ఓబుళేశు ఎడమచెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నువ్వు పక్కకు జరుగప్పా," అని, ఆ చెయ్యిని రెజీనా ముందు చాపాడు. "నువ్వే ఏయమ్మా."