మా వదిన బల్లమీది యుద్ధం

మా వదిన కోవిల్‌పట్టిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. తీరికవేళ వేలెడంత బొమ్మ సైనికులతో బల్లమీద యుద్ధాలు ఆడించేది. బొమ్మలను ఇంచులు కొలిచి చేత్తో జరపాలి. ఎవరు పడ్డారో, ఎవరు నిలిచారో ఆమె రాసిన ప్రోగ్రాం తేల్చేది. ఓడినవాళ్ళు మిషను తప్పంటే ఆమెది ఒకటే మాట: "కారణం చెప్పండి, మారుస్తా." దేవుడు లేడని వేదికలెక్కి గొంతు చించుకున్న నాకు అంత పదునైన మాట ఎన్నడూ దొరకలేదు.

విరుదునగర్‌లో మా కులంవాళ్ళ మండపం పెదనాన్న చేతిలో ఉండేది. అక్కడ మావాళ్ళంతా కలిసే కూటం కోసం, మా పూర్వీకులు ఒక పాలెగాడిని తరిమిన యుద్ధాన్ని వదిన బల్లమీద పరిచింది. కూటానికి ముందురోజు పెదనాన్న మనవాళ్ళ తరఫున ఆడి ఓడిపోయాడు.

"సామి ముందర నిలిచి మనల్ని గెలిపించె. ఇది ఓడిస్తే బల్ల ఈడ ఉండకూడదమ్మా."

"సామికి ఎన్ని ఇంచుల నడక పెట్టేది మామా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. వేళ్ళు కీబోర్డుమీద పెట్టి జవాబు కోసం చూస్తోంది.

పెదనాన్న బల్లమీదికి వంగాడు. "ఆ పొద్దు వాన. మనది కరిసల్ నేల. ఫిరంగి బండి కదులునా?"

ఆమె వెంటనే నల్లరేగడి బురదను ప్రోగ్రాంలో చేర్చింది. పాలెగాడి ఫిరంగులు దిగబడ్డాయి. కానీ ఎడ్లు వాటిని లాగేశాయి, మనవాళ్ళు మళ్ళీ ఓడారు.

పెదనాన్న సామి మాట ఎత్తలేదు, బల్ల తీయమనీ అనలేదు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఉండమ్మా. ఆ వానకు ముందు ఏడంతా కరువు. వాళ్ళ ఎడ్లు ఏం తిని లాగినాయి?"