కోల్మో కనుమ మీద తోసినవాడు

ఎవరి వెనక నడిచినా ఎజిదియో కుడి అరచెయ్యి వాళ్ళ నడుము మీదికి పోయేది. చర్చి మెట్లెక్కే ముసలమ్మయినా, ఎత్తుదారిలో మొరాయించే ఆవయినా, భార్య ఎర్సీలియా అయినా అంతే. అరచెయ్యి ఆనించి మెల్లగా ముందుకి తోసేవాడు. తోస్తున్నట్టు అతనికే తెలిసేది కాదు. "తొయ్యకయ్యా, నేనేమన్నా సైకిల్నా?" అని ఎర్సీలియా కసిరితే చెయ్యి తీసి జేబులో పెట్టుకునేవాడు.

వయసులో ఉండగా నాలుగేళ్ళు అతను సైకిలు పందేలలో నీళ్ళు మోశాడు. జట్టులో గెలవాల్సినవాడు ఒక్కడే ఉంటాడు. మిగిలినవాళ్ళు వాడికి గాలి అడ్డం కాయాలి, సీసాలు నింపుకొచ్చి అందించాలి, వాడి చక్రం చెడితే తమ చక్రం విప్పి ఇచ్చి రోడ్డు పక్కన నిలబడాలి. ఎజిదియో జట్టులో ఆ ఒక్కడు ఫెర్మో బ్రిన్యోలి. ఇదే లోయ, పక్క ఊరు, రాళ్ళు కొట్టేవాడి కొడుకు. పందేనికి ముందు మోకరించి జపమాల చెప్పేవాడు. గెలిచిన పూలగుత్తిని ఆ ఊరి మరియమాత పాదాల దగ్గర పెట్టి వచ్చేవాడు. పందేలు మానేశాక పెళ్ళి చేసుకోలేదు. క్షయరోగుల ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళు రోగుల మలమూత్రాలు ఎత్తి, వాళ్ళ మధ్యనే పోయాడు.

పోయిన పన్నెండేళ్ళకి, అతన్ని పునీతుడిగా ప్రకటించవచ్చా అని బిషపు గారు విచారణ తెరిచారు.

లోయలో ఎవరికీ ఆగే ఓపిక లేదు. సమాధి మీద కొవ్వొత్తులు మొలిచాయి. ఫాదర్ ఒనొరాతో రోజూ పొద్దున్నే వచ్చి మైనం గీకి పారేసేవాడు. "రోము వాళ్ళు చెప్పకముందే పూజలు మొదలెట్టారని తెలిస్తే దస్త్రం అక్కడే మూసేస్తారమ్మా. మీ భక్తే ఆయన కొంప ముంచుతుంది" అని తిట్టేవాడు. దాంతో జనం చీకటుండగానే వచ్చి, రోగి బట్ట రాతికి తాకించుకుని, చప్పుడు లేకుండా వెళ్ళిపోయేవారు.

ఎర్సీలియా ఫిబ్రవరి నుంచి మంచం మీద ఉంది. కాలేయం వాచింది. పట్నం డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆమె తలగడ కింద గోరంత ఉన్ని ముక్క ఉంది, ఫెర్మో పందెం చొక్కాది. సాయంత్రం కాగానే దాన్ని పిడికిట్లో పట్టుకునేది.

"కోల్మో ఎక్కినవాడు. నన్ను మంచం మీంచి లేపలేడా?" అనేది.

ఎజిదియో పులుసు గిన్నె కడిగే మిషతో వంటింట్లోకి పోయేవాడు.

కోల్మో సంగతి లోయలో పిల్లలకి కూడా తెలుసు. మే నెల, మంచువాన. కనుమ ఇంకా రెండు కిలోమీటర్లుందనగా ఫెర్మో కాళ్ళు ఆడటం మానేశాయి. పొగమంచులో మాయమైనవాడు కనుమ మీద ఒంటరిగా తేలాడు. దిగుడు దారిలో అందర్నీ దాటి గెలిచాడు. "నా వల్ల కాలేదు. వెనక నుంచి మాత తోసింది" అని రేడియోలో ఏడ్చాడు. కనుమ మీద గుడి కట్టారు. గోడ మీద నీలం ముసుగూ, వంగిన వీపు మీద తెల్లటి చెయ్యీ గీశారు.

ఆ చెయ్యి ఎజిదియోది. పందెం నియమాల ప్రకారం అలా తొయ్యడం నేరం. పొగమంచులో ఎవరూ చూడలేదు. కనుమ కనపడ్డాక అతని కాళ్ళు చచ్చుబడ్డాయి, రోడ్డు పక్కన కూలబడ్డాడు. పందెం ముగిసే ఊరికి గడువు దాటాక చేరాడు. జట్టువాళ్ళు ఇంటికి పొమ్మని రైలు టిక్కెట్టు చేతిలో పెట్టారు. ఆ తరవాత ఏ జట్టూ పిలవలేదు. అతను ఎవరికీ చెప్పలేదు. ఫెర్మో అతని ఊసెత్తలేదు.

ఆనాటి జట్టులో బతికున్నవాడు ఎజిదియో ఒక్కడే. విచారణకి రమ్మని ఉత్తరం వచ్చింది.

"ఏరా నీళ్ళోడా, పెద్ద పెద్ద వాళ్ళు పిలుస్తున్నారట!" అన్నాడు సారా కొట్లో గెరార్దో. "వాడికి కిరీటం పెడితే నీకేమిస్తారు, ఖాళీ సీసానా?"

"ఎందుకివ్వరూ? పునీతుల పక్కన గాడిదని కూడా గీస్తారుగా" అన్నాడు కొట్టువాడు.

అందరూ నవ్వారు. ఎజిదియో కూడా నవ్వాడు.

ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ ఒనొరాతోని చర్చి పక్కకి పిలిచాడు.

"ఫాదర్, నిజం చెబితే ఒక మనిషి ప్రాణం పోతుందనుకోండి. అప్పుడూ చెప్పాలా?"

"ఫెర్మో గురించేనా? పోయినవాడికి ఇంకా ప్రాణమేమిటయ్యా?"

"ఆయన ప్రాణం కాదండి."

"సువార్త మీద చెయ్యి పెట్టాక మనిషికి దారి ఒకటే ఎజిదియో" అన్నాడు ఫాదర్.

విచారణ గదిలో ముగ్గురున్నారు. అడిగే పెద్దాయన, తప్పులు వెతకడమే పనిగా ఉన్న ఇంకో ఫాదర్, టైపు కొట్టే గుమస్తా. పుస్తకం మీద చెయ్యి పెట్టించారు. ఫెర్మో మంచితనం గురించి అడిగితే ఎజిదియో హాయిగా చెప్పాడు. అప్పుడు రెండో ఫాదర్ కళ్ళజోడు సర్దుకున్నాడు.

"కోల్మో మీద ఆయన ఒంటరిగానే ఉన్నాడా?"

అవునన్న మాట నోటిదాకా వచ్చింది. ఎర్సీలియా పిడికిలి కళ్ళ ముందు కనిపించింది. చెయ్యి ఇంకా పుస్తకం మీదే ఉంది.

"లేడండి. నేనున్నాను."

అంతా చెప్పాడు. టైపు చప్పుడు ఒకసారి ఆగి, మళ్ళీ మొదలైంది.

"అయితే ఆయన అబద్ధమాడాడా?"

"తెలీదండి. ఆయన వెనక్కి చూడలేదు. నిజంగా మాతే అనుకున్నాడేమో."

"మీరు పలకరించలేదా?"

"తోసేటప్పుడు ఊపిరి ఉండదండి."

సంతకం చేయించుకున్నారు. విన్నదీ అన్నదీ బయట చెప్పకూడదని ఇంకో ప్రమాణం చేయించి పంపారు.

ఎర్సీలియా ఎదురుచూస్తోంది. "బాగా చెప్పావా?"

"బయట చెప్పకూడదన్నారు."

"నేను బయటదాన్నా?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెండో ప్రమాణం అక్కడ తెగిపోయింది. చెబుతున్నంతసేపూ ఆమె పైకప్పు చూస్తూ ఉంది.

"రెండు కిలోమీటర్లూనా?"

"ఇంకొంచెం ఎక్కువే."

"నలభై ఏళ్ళు నా పక్కలో పడుకున్నావు. ఒక్క మాట చెప్పలేదు." ఆమె గొంతు పెరగలేదు. "చెప్పకుండా ఉన్నవాడివి ఉండిపోకూడదూ? ఇప్పుడు నేనెవర్ని అడగను? నిన్ను అడగనా? నువ్వు లేపుతావా నన్ను?"

ఆమె ఉన్ని ముక్కని పారెయ్యలేదు. తలగడ కింద తోసి గోడ వైపు తిరిగింది. పులుసు ముట్టలేదు.

మర్నాడు తెల్లవారకముందే ఎజిదియో కుర్చీ మీది ఆమె రాత్రి గౌను తీసుకుని, కోటు కింద దాచి, పక్క ఊరి శ్మశానానికి నడిచాడు. సమాధి ముందు ఏడెనిమిది మంది వరసలో ఉన్నారు. ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు. అతను ఇన్నేళ్ళలో ఎప్పుడూ అక్కడికి రాలేదు. వంతు వచ్చాక గౌను రాతి మీద పెట్టాడు కానీ, ఏమనాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

"ఏమయ్యా, తారీఖు మీద కాదు, పేరు మీద పెట్టాలి" అని వెనక ఉన్న రొట్టెల కొట్టు విధవరాలు గుసగుసలాడింది. "త్వరగా కానీ, ఫాదర్ వచ్చే వేళయింది."

ఎజిదియో మోకరించి, గౌనుని పైకి జరిపి, ఫెర్మో పేరు మొత్తం కప్పేలా పరిచాడు.